ఊరి తరపున పూచీ

పూచీ అన్నది మన పల్లెల్లో బరువైన మాట. ఒకడు అప్పు తీసుకుంటాడు, మరొకడు పూచీ పడతాడు. తీసుకున్నవాడు ఎగవేస్తే పూచీ పడినవాడి పొలం పోతుంది, కాకపోతే కాడెద్దులు పోతాయి. అందుచేత పూచీ పడబోయే మనిషి ముందు ఇంట్లో అడుగుతాడు, రెండు రోజులు గడువు కోరతాడు, ఒక్కొక్కప్పుడు అడగవచ్చినవాడికి కనపడకుండా తప్పుకు తిరుగుతాడు. ఈ వ్యవహారంలో ఉన్న నీతి అంతా ఒక్క అంశం మీద ఆధారపడి ఉంది: మాట ఇచ్చిన మనిషీ, మాట చెల్లనప్పుడు నష్టపోయే మనిషీ ఒకడే. పూచీ పడేవాడు తన పొలం బదులు పక్కవాడి పొలం హద్దులు రాయించి వేలిముద్ర వేశాడనుకుందాం. దాన్ని పూచీ అనం, మోసం అంటాం.

అయితే ప్రతినిధుల సభలు రోజూ చేసే పని, పైకి చూస్తే, ఇలాగే కనిపిస్తుంది. మునిసిపల్ కౌన్సిల్ ఒక ఒప్పందం మీద సంతకం చేస్తుంది. సంతకం చేసిన సభ్యుల సొంత ఆస్తులకు ఏమీ కాదు. పన్నులు కట్టేది ఊరు. పదేళ్ల తర్వాత, ఆ సభ్యులు పదవుల్లో లేనప్పుడు, అప్పటికి ఓటే లేని పిల్లలు పెద్దవాళ్లై ఆ బాకీ తీరుస్తారు. దీన్ని మనం మోసం అనడం లేదు, పాలన అంటున్నాం. రెండింటికీ తేడా ఎక్కడుంది? “వాళ్లను మనమే ఎన్నుకున్నాం గనక” అన్న జవాబు సులభమైనదే గాని, అది ఎంత దూరం నడుస్తుందో చూడాలి.

ఈ ప్రశ్న మా కాలేజీ విద్యార్థుల చర్చాగోష్ఠిలో వచ్చింది. చురుకైన కుర్రవాడొకడు లేచి, “ఇందులో చిక్కేముంది మాస్టారూ, పెద్ద పని ఏది తలపెట్టినా ముందు జనం ఓటు తీసుకుంటే సరి” అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. ఆ మాట తోసెయ్యదగినది కాదు. అయితే జనం ఓటు తీసుకున్న పెద్ద పని ఒకదాని చరిత్ర మన కళ్లముందే ఉంది. ఒక్కసారి కాదు, రెండుసార్లు తీసుకున్నారు. అది అమెరికాలోని సియాటిల్ నగరం కింద తవ్విన రోడ్డు సొరంగం. ఆ నగర కౌన్సిల్ అందులో ఏ పాత్ర వహించిందో వివరంగా చూస్తే, మా కుర్రవాడి జవాబులో ఎంత నిజముందో, ఎక్కడ అది చాలకుండా పోతుందో కూడా తెలుస్తుంది.

సియాటిల్ అమెరికాకు వాయవ్యమూల, వాషింగ్టన్ రాష్ట్రంలో, సముద్రపు పాయ ఒడ్డున ఉంది. (దేశ రాజధాని వాషింగ్టన్ వేరు.) ఒకప్పుడు బోయింగ్ విమానాల ఊరు, తర్వాత కంప్యూటరు కంపెనీల ప్రాంతమైంది. ఆ కంపెనీల వెంట మన తెలుగువాళ్లు అక్కడికి వేల సంఖ్యలో చేరారు. నా క్లాసులో వెనక బెంచీన కూచున్నవాడొకడు ఇప్పుడు ఆ సొరంగానికి టోలు కట్టి ఆఫీసుకు పోతున్నాడు. తనకు టోలు సంగతి తప్ప దాని వెనక కథ తెలియదన్నాడు. రోడ్డు వాడేవాళ్లలో నూటికి తొంభైమంది స్థితి ఇదే కావచ్చు.

ఆ నగరంలో సముద్రపు ఒడ్డు వెంట స్తంభాల మీద రెండంతస్తుల కాంక్రీటు రోడ్డు ఒకటి ఉండేది. పేరు అలాస్కన్ వే వయడక్టు. 1953లో దాని మొదటి భాగం తెరిచారు. పై అంతస్తు మీద ఉత్తరానికి పోయే బళ్లు, కింది అంతస్తులో దక్షిణానికి పోయేవి. రోజుకు లక్షకు పైగా బళ్లు దానిమీద తిరిగేవి. 2001 ఫిబ్రవరి 28న 6.8 తీవ్రతతో భూకంపం వచ్చి ఆ వయడక్టు దెబ్బతిన్నది. అంతకు ముందు, 1989లో, కాలిఫోర్నియా రాష్ట్రం ఓక్లండులో ఇలాంటిదే ఒక రెండంతస్తుల రోడ్డు భూకంపంలో పై అంతస్తు కింది అంతస్తు మీద కూలి 42 మందిని చంపింది. కనక భయం ఉత్తిది కాదు. ఏదో ఒకటి చెయ్యవలసిందే. చర్చంతా ఏది చెయ్యాలన్నదే.

2007 మార్చిలో నగర ప్రజలను అడిగారు. వయడక్టునే కొత్తగా కట్టాలా అన్నది ఒక ప్రశ్న; ఒడ్డు వెంట పైనుంచి తవ్వి కప్పే సొరంగం కట్టాలా అన్నది రెండో ప్రశ్న. జనం రెంటినీ కాదన్నారు. సొరంగాన్ని కాదన్నవాళ్లు నూటికి 70 మంది. కొత్త వయడక్టును కాదన్నవాళ్లు నూటికి 57 మంది. ఈ ఫలితాన్ని చూసి నవ్వినవాళ్లున్నారు. నాకు నవ్వదగినదిగా కనిపించలేదు. మీరు చూపించిన రెండు సంబంధాలూ మాకు ఇష్టం లేదని చెప్పే హక్కు కూడా సమ్మతి ఇచ్చే హక్కులో భాగమే. అయితే ఆ ఓటు సలహా మాత్రమే. దానికి చట్టబలం లేదు.

2009 జనవరిలో రాష్ట్ర గవర్నరు క్రిస్టీన్ గ్రెగ్వార్, కింగ్ కౌంటీ అధిపతి రాన్ సిమ్స్, సియాటిల్ మేయరు గ్రెగ్ నికెల్స్ ముగ్గురూ కలిసి, నగరం కింద లోతుగా యంత్రంతో సొరంగం తొలుస్తామని ప్రకటించారు. 2007లో జనం ముందు పెట్టిన రెంటిలోనూ ఇది లేదు. ఆ ఏడే రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. రాష్ట్రం ఇచ్చేది 240 కోట్ల డాలర్లు. టోలు ద్వారా మరో 40 కోట్లు. మొత్తం 280 కోట్లు దాటితే, దాటిన ఖర్చంతా ఈ పని వల్ల లాభపడే సియాటిల్ ప్రాంతపు ఆస్తిపరులు భరించాలన్నది అందులో ఒక నిబంధన.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. రోడ్డు రాష్ట్రానిది. కంట్రాక్టు ఇచ్చేది రాష్ట్రం. తనిఖీ చేసేది రాష్ట్రం. అంచనా వేసింది రాష్ట్రం. అంచనా తప్పితే కట్టేది నగరంలోని ఇళ్లవాళ్లు, దుకాణాలవాళ్లు. మనం మొదట చెప్పుకున్న పూచీపత్రంలో పక్కవాడి పొలం హద్దులు రాయించినది ఇలాంటి పనే. శాసనసభలో సియాటిల్ ప్రతినిధులు కూడా ఉన్నారు కదా అనవచ్చు. ఉన్నారు. మొత్తం సభలో వాళ్లెంతమంది?

ఇక కౌన్సిల్ సంగతి. రాష్ట్రం సొరంగం తొలచాలంటే నగరం సహకారం కావాలి. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు, కరెంటు తీగలు నగరానివి. వాటిని జరపాలి. నగరపు వీధులూ స్థలాలూ వాడుకోవాలి. పర్మిట్లు కావాలి. అంటే నగరానికి కాదనే శక్తి కొంత ఉంది. తొమ్మిదిమంది సభ్యులున్న ఆ కౌన్సిల్ 2009 అక్టోబరులో రాష్ట్రంతో ఒప్పందాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. (అప్పట్లో ఆ తొమ్మిదిమందినీ నగరమంతా కలిసి ఎన్నుకునేది. ఫలానా పేట సభ్యుడు అని నిలదీయడానికి ఎవరికీ ఎవరూ లేరు. పేటలవారీ ఎన్నికలు 2015లో వచ్చాయి.) ఆ ఏడు నవంబరు ఎన్నికల్లో మైక్ మెగిన్ అనే లాయరు మేయరుగా గెలిచాడు. సొరంగాన్ని వ్యతిరేకించి పేరు తెచ్చుకున్న మనిషి. అయితే కౌన్సిల్ ఒప్పందం చేసుకున్నాక, ఓటింగుకు కొద్దిరోజుల ముందు, తాను గెలిస్తే దానికి అడ్డుపడనని చెప్పాడు. గెలిచాక అదనపు ఖర్చు నిబంధన తీసేస్తే తప్ప ఒప్పుకోనని పోరాడాడు. ఈయన మాట తప్పాడా, నిలబెట్టుకున్నాడా అన్నది ఆ ఊళ్లో పెద్ద తగువు. నా మటుకు, అడ్డుపడనన్న మాట ఓట్లకోసం అన్న మాట, నిబంధన మీద పోరాటం న్యాయమైన పోరాటం. రెండూ ఒకే మనిషిలో ఉండటం రాజకీయాల్లో వింత కాదు.

2010లో సొరంగపు ప్రభావాల నివేదిక ముసాయిదా మీద నగరం తరపున ఎవరు సంతకం చెయ్యాలన్న వివాదం వచ్చింది. మేయరు సంతకం చెయ్యకుండా ఆపితే కౌన్సిల్ అధ్యక్షుడు రిచర్డ్ కాన్లిన్ చేసేశాడు. ఊరు ఎవరి చేతిలో ఉన్నట్టు? మేయరును ఎన్నుకున్నదీ ఆ ఊరే, కాన్లిన్ను ఎన్నుకున్నదీ ఆ ఊరే. “ప్రజల ప్రతినిధి” అనే మాట ఇద్దరికీ వర్తిస్తుంది. ఒకరు కాదన్నారు, ఒకరు సరేనన్నారు. కనక ఎన్నుకోవడం అన్నది దానంతటది సమ్మతి కాదని ఇక్కడే తేలిపోయింది.

2011 ఫిబ్రవరిలో, భూకంపానికి పదేళ్లు నిండిన నెలలో, రాష్ట్రంతో మూడు ఒప్పందాలను కౌన్సిల్ ఎనిమిది ఓట్లతో ఆమోదించింది. కాదన్నది మైక్ ఓబ్రయన్ అనే సభ్యుడొక్కడే. మేయరు వీటో చేశాడు. అదే ఎనిమిదిమందీ వీటోను కొట్టేశారు. అప్పుడు పౌరులు కొందరు సంతకాల సేకరణకు దిగారు. చట్టప్రకారం పదహారువేల పైచిలుకు సంతకాలు చాలు; వచ్చినవి 28 వేలకు పైగా. కౌన్సిల్ చేసిన శాసనాన్ని ప్రజల ఓటుకు పెట్టాలని వాళ్ల కోరిక.

ఇక్కడినించీ కథ న్యాయశాస్త్రంలోకి పోతుంది. నగరపు న్యాయాధికారే కోర్టుకు వెళ్లి దీన్ని ఓటుకు పెట్టవచ్చునా అని అడిగాడు. ఆ దేశపు న్యాయంలో ఒక భేదం ఉంది. విధానాన్ని నిర్ణయించే శాసనం మీద ప్రజలు ఓటు వెయ్యవచ్చు. నిర్ణయమైపోయిన విధానాన్ని అమలుపరిచే చర్య మీద ఓటు వెయ్యరాదు. సూత్రంగా ఇందులో తప్పులేదు. కాలువ ఎక్కడికి తవ్వాలో ఊరు తేల్చుకోవాలి గాని, ఏ రోజు ఏ తూము ఎత్తాలో ఊరంతా కూచుని ఓటు వేస్తే పంట ఎండుతుంది. కాని ఒక పనిలో విధానం ఎక్కడ ముగుస్తుంది, అమలు ఎక్కడ మొదలవుతుంది? సొరంగం వెయ్యాలన్న విధానం ఎప్పుడు నిర్ణయమైంది? ముగ్గురు నాయకుల ప్రకటనలోనా? రాష్ట్ర చట్టంలోనా? 2009 కౌన్సిల్ ఒప్పందంలోనా? ఒక్కొక్క మెట్టు దగ్గరా, ఇది పై మెట్టులో నిర్ణయమైనదే, మేం అమలు చేస్తున్నాం అనే జవాబే వచ్చింది. మొదటి మెట్టు దగ్గరికి పోయి చూస్తే అక్కడ ప్రజలు లేరు.

2011 మేలో కోర్టు తీర్పు చెప్పింది. ఒప్పందాలు ఓటుకు రావు. శాసనంలోని ఆరవ సెక్షన్ మాత్రం రావచ్చు. ఆ సెక్షన్లో ఏముంది? ప్రభావాల నివేదిక పూర్తయ్యాక, పని ముందుకు సాగించమని నగరం రాష్ట్రానికి నోటీసు ఇవ్వాలా వద్దా అన్నది కౌన్సిల్ బహిరంగ సభలో తేలుస్తుందని ఉంది. అంతే. ఆగస్టు 16న జనం ఓటు వేసింది దీనిమీద. కరపత్రాలలో, ఉపన్యాసాలలో అది సొరంగం మీద ఓటు. బ్యాలెట్టు మీద మాత్రం అది నోటీసు ఎలా ఇవ్వాలన్న పద్ధతి మీద ఓటు. నూటికి 58 మంది ఆమోదించారు. కొద్ది వారాలలో కౌన్సిల్ నోటీసు ఇచ్చింది. ప్రజలు తీర్పు చెప్పారు, ఇక వివాదం లేదన్నారు.

మన దగ్గర పెళ్లిళ్లు ఇలా జరిగిన రోజులున్నాయి. శుభలేఖలు అచ్చయ్యాక పిల్లను పిలిచి ఇష్టమేనా అని అడిగేవాళ్లు. ఆ పిల్ల ఊ అంటే, చూశారా ఒప్పుకుంది అనేవాళ్లు. ఆ ఊ అబద్ధం కాదు. నిజంగా ఇష్టపడి ఊ అన్న పిల్లలూ ఉన్నారు. సియాటిల్లో 58 శాతంలో కూడా చాలామంది సొరంగాన్ని నిజంగానే కోరుకున్నారు. పదేళ్ల తగువుతో విసిగి తేల్చెయ్యండి అన్నవాళ్లూ ఉన్నారు. నా ఆక్షేపణ వాళ్ల మీద కాదు. కాదంటే ఏం జరుగుతుందో తెలియని చోట, అవునంటే ఎంత కట్టాలో తెలియని చోట, అవునన్న మాటకు సమ్మతి అనే పేరు పెట్టవచ్చునా అన్నదే ప్రశ్న. అదనపు ఖర్చు ఎవరిదన్న ఒక్క విషయం ఆ బ్యాలెట్టులో లేదు. ఇళ్లవాళ్లకు అన్నిటికంటె దగ్గరగా తగిలే విషయం అదే.

సభాపర్వం చదివిన మనకు ఈ రకం ప్రశ్న కొత్తది కాదు. జూదం ముగిశాక ద్రౌపది అడిగింది: ధర్మరాజు ముందు తన్నోడాడా, నన్నోడాడా? తన్ను తాను ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఉందా? పురాణ కాలక్షేపంలో దీన్ని ఆమె తెలివికి నిదర్శనంగా చెప్పి వదిలేస్తారు. నాకు మాత్రం ఇది ప్రాతినిధ్యం గురించి మన సాహిత్యంలో ఉన్న అతి తీవ్రమైన ప్రశ్నగా కనిపిస్తుంది. పందెం నియమాల ప్రకారం సాగిందా లేదా అన్న దగ్గరే ఆమె ఆగలేదు. నా తరపున పందెం వెయ్యడానికి నువ్వెవరివి అన్నది. సభలో పెద్దలు ధర్మం సూక్ష్మమైనదన్నారు. వికర్ణుడు మాట్లాడాడు. ఆ మాటకు ఫలితం లేకపోయింది. పోలిక ఎంతవరకు పట్టాలో అంతవరకే పడదాం. సియాటిల్ కౌన్సిలర్లు జూదరులు కారు, నగరం వాళ్ల సొత్తుగా ఎవరూ ఎంచలేదు. అయినా కోర్టులో జరిగింది ధర్మసూక్ష్మపు చర్చే. ప్రశ్న వేసినవాళ్లకు దొరికింది ఆరవ సెక్షన్.

కౌన్సిల్ పక్షాన చెప్పగలిగింది న్యాయంగా చెప్పుకోవాలి. వాళ్లలో చాలామంది ఆ అదనపు ఖర్చు నిబంధన కోర్టులో నిలవదన్నారు. ఏ ఆస్తిపరుడు, ఎంత, ఎవరు వసూలు చెయ్యాలి అన్న వివరమే చట్టంలో లేదు కనక అది ఉత్త బెదిరింపు అన్నారు. తర్వాత జరిగింది చూస్తే ఆ మాట చాలావరకు నిజమైంది: ఆ నిబంధనను నగరం మీద ప్రయోగించలేదు. మరి అంతా బాగానే ముగిసినట్టు కాదా? కాదనుకుంటాను. పూచీ పడినవాడి పొలం పోకుండా మిగిలిందంటే అప్పు తీరిందని అర్థం, పూచీ సబబైనదని కాదు. నిబంధన నిలవదని అంత నమ్మకం ఉంటే, దాన్ని చట్టం నుంచి తీయించాకే సంతకం చేస్తాం అనడానికి నగరానికి అవకాశం ఉంది. గొట్టాలూ పర్మిట్లూ ఇంకా చేతిలో ఉన్న రోజులవి. ఎనిమిదిమంది ఆ అవకాశాన్ని వదులుకున్నారు. ఎందుకంటే ఆలస్యం ప్రమాదమన్నారు.

ఆలస్యం ప్రమాదం అన్న వాదం పదునైనది. వయడక్టు రేపు కూలితే నీదా బాధ్యత అంటే ఎవడూ జవాబు చెప్పలేడు. 2012లో దాన్ని పడగొట్టి తీరుతానని గవర్నరు అంతకు ముందే ప్రకటించింది. కాని వాస్తవంగా ఆ వయడక్టు మీద బళ్లు తిరగడం ఆగింది 2019 జనవరి 11న. భయం చూపి చర్చను తొందరపెట్టారు. తీరా సంతకాలయ్యాక ఏడేళ్లకు పైగా జనం ఆ భయం మీదనే ప్రయాణం చేశారు. తొందర సమ్మతి విషయంలోనే ఉంది. పనిలో లేదు.

పనిలో ఏమైందంటే, జపానులోని హిటాచి జోసెన్ కంపెనీ చేసిన తొలిచే యంత్రం వచ్చింది. అడ్డుకొలత 57 అడుగుల పైన. అప్పటికి అలాంటి యంత్రాలలో ప్రపంచంలోకెల్లా పెద్దది. బడిపిల్లల పోటీలో దానికి బెర్తా అని పేరు వచ్చింది. 1926లో ఆ నగరానికి మేయరైన బెర్తా నైట్ లాండిస్ పేరు అది. అమెరికాలో పెద్ద నగరానికి మేయరైన మొదటి స్త్రీ, అంతకు ముందు అదే కౌన్సిల్లో సభ్యురాలు, అధ్యక్షురాలు. ఆమెకు ఇంతకంటె మంచి స్మారకం దొరికి ఉండవలసింది. 2013 జూలై చివర యంత్రం బయలుదేరింది. డిసెంబరు మొదటి వారంలో, వెయ్యి అడుగులు తొలిచి, ఆగిపోయింది. దారిలో ఎనిమిది అంగుళాల ఉక్కు గొట్టం తగిలింది. అది 2002లో రాష్ట్ర రవాణాశాఖే భూమిలో నీటిమట్టం పరీక్షించడానికి దింపినది.

రెండేళ్లపాటు యంత్రం కదలలేదు. 120 అడుగుల లోతు గొయ్యి తవ్వి, ముందుభాగాన్ని పైకెత్తి బాగుచేశారు. 2015 డిసెంబరులో మళ్లీ కదిలి, 2017 ఏప్రిల్ 4న అవతలి ఒడ్డున బయటపడింది. 2019 ఫిబ్రవరి 4న సొరంగం తెరిచారు. నవంబరులో టోలు మొదలైంది. మొత్తం పథకం ఖర్చు 330 కోట్ల డాలర్లు దాటింది. ఆగిపోవడానికి గొట్టం కారణమని కంట్రాక్టర్లు, యంత్రాన్ని నడిపిన తీరు కారణమని రాష్ట్రం కోర్టుకెక్కాయి. 2019 డిసెంబరులో జూరీ రాష్ట్రానికి 5 కోట్ల 72 లక్షల డాలర్లు ఇప్పించింది. కంపెనీకీ రాష్ట్రానికీ మధ్య తప్పు ఎవరిదో తేల్చడానికి ఇంత విచారణ జరిగింది. తప్పు ఎవరిదైనా ఖర్చు సియాటిల్ ఇళ్లవాళ్లదని రాసిన చట్టాన్ని మాత్రం అంతకు పదేళ్లముందే, విచారణ లేకుండా రాశారు. యంత్రం ఆగడానికి నెల ముందు మెగిన్ ఎన్నికల్లో ఓడిపోయాడు. మన పత్రికల్లో తరచు కనపడిన సోషలిస్టు క్షమా సావంత్ 2014 జనవరిలో కౌన్సిల్లో అడుగుపెట్టే సమయానికి యంత్రం మట్టిలో ఇరుక్కుని ఉంది. సంతకాలు ఎప్పుడో ఆరిపోయాయి. ఎంత గొంతున్న సభ్యురాలైనా ముందటి సభ పడిన పూచీని విప్పలేదు.

పారిస్ కమ్యూను 1871లో ప్రతినిధులను ఎప్పుడంటే అప్పుడు వెనక్కు పిలిచే హక్కు పెట్టింది. దాని విలువ మనందరికీ తెలుసు. కాని వెనక్కు పిలవడం వల్ల మనిషి దిగిపోతాడు గాని అతను చేసిన సంతకం దిగిపోదు. సంతకాన్ని కూడా కొట్టేసిన సందర్భం చరిత్రలో ఉంది. 1918లో సోవియట్ ప్రభుత్వం జారు చేసిన అప్పులు తమవి కావని ప్రకటించింది. దానికి ఒక విప్లవం కావలసివచ్చింది. మునిసిపాలిటీకి అంత పని సాధ్యం కాదు. అందుచేత మునిసిపాలిటీ విషయంలో నీతి అంతా సంతకానికి ముందే జరిగిపోవాలి. ఆ తర్వాత మిగిలేది లెక్కలు.

మన పాఠకుల్లో కొందరు ఈపాటికి, ఇదంతా పెట్టుబడిదారీ నగరం కథ, మామూలే అని పక్కకు పెట్టబోతుంటారు. అంత సులువు కాదు. ఈ సొరంగాన్ని వ్యాపారవర్గాలు బలపరిచాయి, నిజమే. కట్టడపు కార్మికుల యూనియన్లూ బలపరిచాయి. వాళ్లకు అది వేల రోజుల పని. పైగా 2013 ఆగస్టులో, తవ్విన మట్టిని పడవల్లోకి ఎక్కించే నాలుగంటే నాలుగు ఉద్యోగాలు తమవని రేవు కార్మికుల యూనియన్, కాదు తమవని కట్టడపు యూనియన్లు తగువుపడి పని కొన్నివారాలు నిలిచిపోయింది. కొన్ని వందల కోట్ల డాలర్ల పనిలో అదనపు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న తేలకుండా ఉంది; కార్మికవర్గం నాలుగు ఉద్యోగాల దగ్గర రెండుగా చీలింది. వాళ్లను నిందించను. ఉద్యోగం నాలుగైనా ఉద్యోగమే. కాని ఊరి పూచీ గురించి అడగవలసిన శక్తి ఊళ్లో ఏదైనా ఉంటే అది వాళ్లదే. ఆ ప్రశ్నను వాళ్లు మెగిన్ లాంటి మేయరుకూ, సంతకాలు సేకరించిన మధ్యతరగతికీ వదిలేశారు.

లాభం ఎవరికి వచ్చిందో కూడా చెప్పుకుందాం. వయడక్టు వికారమైన కట్టడం. కింద చీకటి, మోత. అయినా దాని పై అంతస్తు మీద బస్సెక్కిన పేదవాడు కూడా సముద్రాన్నీ, అవతలి కొండలనీ ఆ ఊళ్లో అందరికంటె బాగా చూసేవాడు. టిక్కెట్టు తప్ప ధర లేదు. వయడక్టు పోయాక ఆ దృశ్యం ఒడ్డున ఉన్న హోటళ్లకూ మేడలకూ దక్కింది. సొరంగానికి నగరం నడిమధ్య దిగే దారే లేదు. నడిబొడ్డుకు పనికిపోయేవాడికి అది ఉపయోగపడదు, నగరాన్ని దాటిపోయేవాడికే పనికొస్తుంది. ఒడ్డున కొత్త విహారస్థలం మాత్రం అందరిదీ. అది నిజంగా మంచి పని. దానికోసం 2019 జనవరిలో కౌన్సిల్ ఆ చుట్టుపట్ల ఆస్తిపరులమీద 16 కోట్ల డాలర్ల ప్రత్యేక పన్ను వేసింది. ఎవరి స్థలం విలువ ఎంత పెరుగుతుందో లెక్కగట్టి, అభ్యంతరాలు విని వేసింది. అంటే లాభపడేవాడే కట్టాలన్న న్యాయాన్ని సక్రమంగా అమలుచెయ్యడం ఆ కౌన్సిల్‌కు తెలియనిది కాదు. పదేళ్లముందు చట్టంలో అదే మాట వివరం లేకుండా రాసి ఉన్నప్పుడు, ఆ వివరం అడగలేదు.

మా కుర్రవాడు ఇదంతా విని, అయితే ఓటు వద్దంటారా అన్నాడు. వద్దనలేదు. 2007 ఓటులో చట్టబలం లేకపోయినా ఒక నిజం ఉంది: జనం ముందు రెండు దారులుంచి అడిగారు, జనం రెంటినీ కాదనగలిగారు. 2011 ఓటుకు చట్టబలం ఉంది. అడిగింది మాత్రం నోటీసు గురించి. ఈ రెంటిలో ఏది ప్రజాస్వామ్యానికి దగ్గర అని అతన్నే అడిగాను. కౌన్సిల్ పెత్తనమా, ప్రజల ఓటా అని వాదులాడుకునేవాళ్లు అసలు సంగతి వదిలేస్తున్నారు. కౌన్సిల్ నిర్ణయించినా సరే, ప్రజలు నిర్ణయించినా సరే, నిర్ణయించే క్షణంలో నష్టం ఎవరిదో తెలిసి ఉండాలి, కాదనే దారి తెరిచి ఉండాలి. ఈ రెండూ లేనిచోట కౌన్సిల్ సంతకమూ, ప్రజల ఓటూ ఒకే రకం కాగితాలు.

మన దేశంలో ఈ చర్చకు అసలు పునాదే పలచన. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలక సంస్థలకు రాజ్యాంగంలో చోటిచ్చింది. తెలుగువాళ్లు లక్షల్లో ఉండే బెంగుళూరులో, 2020 సెప్టెంబరులో కౌన్సిల్ గడువు ముగిశాక ఏళ్లతరబడి ఎన్నికలు జరగలేదు. ఎన్నికైన కౌన్సిల్ లేని ఆ కాలంలోనే హెబ్బాళ నుంచి సిల్క్‌బోర్డు దాకా వేల కోట్ల రూపాయల సొరంగం రోడ్డు పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం ముందుకు తెచ్చింది. అక్కడ 2011 ఫిబ్రవరి లాంటి ఎనిమిది ఓట్లూ లేవు, కాదన్న ఆ ఒక్క ఓటూ లేదు. విజయవాడ చిట్టినగర్ సొరంగంలో నడిచినవాళ్లకు సొరంగమంటే కొండ చుట్టూ తిరగకుండా అవతలికి చేర్చే చిన్న సౌకర్యం. దాన్ని చూసి ఎవరికీ పూచీ గుర్తుకు రాదు. వేల కోట్లవి వస్తున్నప్పుడు మన విద్యార్థులు ఒప్పందం ప్రతిని అడిగి తెచ్చుకుని, అంచనా దాటితే ఎవరు కట్టాలన్న పేరా ఏ పేజీలో ఉందో ముందు చూడాలి. ఆ పేరా లేకపోతే, ఎందుకు లేదో సంతకం పెట్టేవాళ్లను సంతకానికి ముందే అడగాలి.